అన్నిటికీ పదికి పది

జమాల్ చెప్పే మొదటి ధర ధర కాదు, పలకరింపు. తాండూరులో బండలు కొనడానికి వచ్చినవాడు దొంతరల మధ్య ఒక చుట్టు తిరిగి, నచ్చిన బండను కాలితో తట్టి, ఇదేం లెక్క అని అడుగుతాడు. జమాల్ ఒక అంకె చెబుతాడు. అది వినగానే కొనేవాడు మొహం పక్కకు తిప్పుకుంటాడు. తిప్పుకున్న మొహంతోనే అందులో సగం చెబుతాడు. ఇప్పుడు జమాల్ నొచ్చుకోవాలి. నొచ్చుకుంటాడు. అంతటితో ఇద్దరూ కుర్చీలు లాక్కుని కూర్చుంటారు, చాయ్ వస్తుంది, అసలు పని మొదలవుతుంది. మొదటి ధరకే సరేనన్న మనిషిని జమాల్ ఒక్కసారే చూశాడు. అతను హైదరాబాద్ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు. ఆ రోజంతా జమాల్‌కి మనసు బాగాలేదు. ఇంకొంచెం ఎక్కువ చెప్పాల్సిందన్న బాధ కాదు. ఇంటికొచ్చిన చుట్టం మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయినట్టు అనిపించింది.

జమాల్‌కి యాభై దాటాయి. పనిచేసేది తాండూరు ఊరి బయట, రచన స్టోన్స్ అనే పాలిష్ యూనిట్‌లో. యజమాని మల్లేశ్వర్‌ది యాలాల్ వైపు రైతు కుటుంబం. కంది పండే చేను కింద బండ ఉందని తేలాక ఆ కుటుంబానికి వ్యవసాయం మీద గౌరవం మిగిలింది గానీ ఆసక్తి మిగల్లేదు. కూతురు పుట్టిన ఏడాదే యూనిట్ పెట్టాడు కాబట్టి మల్లేశ్వర్ దానికి కూతురి పేరే పెట్టుకున్నాడు. జమాల్ అక్కడ మొదట బండలు మోసే పనికి చేరాడు. ఒకరోజు సేటు లేని వేళ ఒక గిరాకీ వస్తే, ఉత్త చేతులతో పంపడం దేనికని తనే బేరం చేసి, సేటు అమ్మే దానికంటే కొంచెం ఎక్కువకే అమ్మాడు. మర్నాటి నుంచి మళ్లీ బండ ఎత్తలేదు. ఇతని జీవితంలో ప్రమోషన్ అని చెప్పుకోదగ్గది అదొక్కటే.

పాలిష్ మిషన్లు నీళ్లతో నడుస్తాయి. రాతి పొడి, నీళ్లు కలిసి బురదై యూనిట్ వెనక గుంటలోకి చేరుతుంది. వానాకాలం అది బురదగానే ఉంటుంది, ఎవరి జోలికీ రాదు. ఎండాకాలం ఎండి పిండైపోయి, లారీ కదిలిన ప్రతిసారీ లేచి మనుషుల మీద, చాయ్ గ్లాసుల మీద, బేరాల మీద పడుతుంది. జమాల్‌కి రెండేళ్లుగా దగ్గు. తాండూరు డాక్టరు ఎక్స్‌రేని వెలుగుకి ఎత్తి చూసి మందులు రాశాడు. ఆ దుమ్ములో కూర్చున్నంత కాలం తను రాసినవేవీ పనిచేయవని, వీలైనంత తొందరగా చోటు మార్చుకోమని కూడా చెప్పాడు. జమాల్ మందులు మింగాడు. చోటు సంగతి భార్య అలీమాబీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. యూనిట్‌లో దగ్గు వస్తే మిషన్ల చప్పుడున్న వైపు వెళ్లి దగ్గి వచ్చేవాడు. రోగమున్న మనిషిని ఎవరూ పనిలో ఉంచుకోరని అతని నమ్మకం. పగులున్న బండను దొంతరలో కిందికి నెట్టడం అతను రోజూ చేసే పని కాబట్టి, తనను కూడా అలాగే నెట్టుకున్నాడు.

ఇలా ఉండగా మల్లేశ్వర్ వికారాబాద్‌లో టైల్స్ షోరూమ్ తెరవాలని నిర్ణయించాడు. అద్దాల తలుపులు, ఏసీ, గోడలకి లైట్లు. మిషన్ ఒక్కటీ ఉండదు కాబట్టి దుమ్మూ ఉండదు. వికారాబాద్ గాలి మంచిదని కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊపిరితిత్తుల రోగులను అనంతగిరి గుట్ట మీద దవాఖానకు పంపడం నిజాం కాలంలోనే మొదలైంది. పైగా అలీమాబీ పుట్టిల్లు వికారాబాదే. షోరూమ్ కబురు వినగానే ఆమె పెట్టెలు సర్దలేదు గానీ, తమ్ముడికి ఫోన్ చేసి ఏ గల్లీలో ఇల్లు ఖాళీగా ఉందో అడిగింది. షోరూమ్‌కి ఒక మేనేజర్ కావాలి. ఆ మేనేజర్ తను కాకపోతే ఎవరని జమాల్ అనుకున్నాడు. మిగతావాళ్లు కూడా ఇంచుమించు అలాగే అనుకున్నారు, రచన తప్ప.

రచన ఎంబీఏ చదివి, హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఉద్యోగం చేసి వచ్చింది. ఇప్పుడు యూనిట్ లెక్కాపత్రం ఆమెదే. మేనేజర్‌ని తండ్రిలా మొహం చూసి ఎంచడం ఆమెకి ఇష్టం లేదు. హైదరాబాద్ నుంచి ఒక ట్రైనర్‌ని పిలిపించింది. అతను ఒక ఆదివారం వచ్చి, బండలు మోసేవాళ్లతో సహా అందరినీ షెడ్డు కింద కుర్చీల్లో కూర్చోబెట్టి, మీ శత్రువు మీలోనే ఉన్నాడని చెప్పాడు. అప్పటిదాకా శత్రువు పక్క యూనిట్ వాడని అనుకుంటున్న జనం మర్యాదగా విన్నారు. చివర్లో అందరి ఫోన్లకూ ఒక పరీక్ష పంపాడు. యాభై వాక్యాలు. ఒక్కో వాక్యం తనకు ఎంతవరకు వర్తిస్తుందో చూసుకుని, ఒకటి నుంచి పది వరకు ఎవరికి వాళ్లు మార్కులు వేసుకోవాలి. వికారాబాద్ మేనేజర్‌ని ఎంచడంలో ఈ మార్కులను కూడా చూస్తామని రచన ప్రకటించింది.

ఇలాంటి పరీక్షల గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. వీటిని తయారుచేసినవాళ్లు మూడు సంగతులు నమ్ముతారు. మనిషికి తన గురించి తెలుసు. తెలిసింది తెలిసినట్టు చెబుతాడు. చెప్పింది అంకెలో ఇముడుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ఇంతవరకు తాండూరులో రుజువు కాలేదు, ఇంకో ఊళ్లో అయినట్టు కూడా వినలేదు. అయినా పరీక్షలు ఆగవు. పూర్తవగానే తెర మీద రంగుల చక్రం ఒకటి వస్తుంది, అది చూడ్డానికి బాగుంటుంది.

ఆ సాయంత్రం జమాల్ ఇంట్లో పరీక్ష మొదలైంది. అతను బడికి వెళ్లింది ఏడో తరగతి వరకే, అదీ ఉర్దూలో. పరీక్ష తెలుగులో వచ్చింది, అది కూడా ఎవరూ మాట్లాడని తెలుగులో. కూతురు తూబా వికారాబాద్‌లో డిగ్రీ చదువుతోంది, రోజూ రైల్లో వెళ్లి వస్తుంది. ఆమె వాక్యం చదివి అర్థం చెప్పాలి, తండ్రి అంకె చెప్పాలి, ఆమె నొక్కాలి. ఇదీ ఏర్పాటు. 'నేను నా సౌఖ్య మండలం దాటి బయటికి వస్తాను' అని ఒకటి వచ్చింది. అది ఏ మండలమని అలీమాబీ వంటింట్లోంచి అడిగింది. యాలాల్ మండలం కాదని తెలుసు గానీ, ఏదో తూబాకీ తెలియలేదు. జమాల్ పది వేయమన్నాడు. 'నాకు తొందరగా కోపం రాదు.' పది. 'నేను తప్పు చేస్తే ఒప్పుకుంటాను.' పది. 'ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వింటాను' అన్నదానికి తూబా వాక్యం పూర్తి చేయకముందే పది అన్నాడు.

తూబా ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"అబ్బా, అన్నిటికి పదేనా? ఎవరన్న నమ్ముతరా?"

"నమ్మమని ఎవలు జెప్పిండ్రు? గది మొదటి మాట. వాళ్లు ఏడంటరు, నేను తొమ్మిదంట. ఎనిమిదికాడ తెగుతది."

"ఇది బేరం కాదబ్బా, పరీక్ష."

"పరీక్షల మార్కులు సార్లు వేస్తరు. నీ మార్కులు నువ్వే వేస్కో అన్నరంటే, అది బేరమే."

తూబా ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఈ మాటకి జవాబు పరీక్షలు తయారుచేసినవాళ్ల దగ్గరే లేదు. ఆమె మిగతావి చదువుకుంటూ పోయింది. 'నా ఆరోగ్యాన్ని జాగ్రత్తగా చూసుకుంటాను' అన్నది వచ్చినప్పుడు వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. జమాల్ ఒక క్షణం గోడకేసి చూసి, పది అన్నాడు. గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది, ముందటికంటే కాస్త గట్టిగా.

యూనిట్‌లో లెక్కలు చూసేది హరీష్ అనే కుర్రవాడు. వాళ్లది మర్పల్లి. తాండూరు రాకముందు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో పనిచేశాడు, అక్కడ ఏటా ఇలాంటి పరీక్ష ఒకటి ఉండేది. కాబట్టి అతనికి ఈ సరుకు మార్కెట్ ధర తెలుసు. పదులు ఎక్కడా వేసుకోలేదు. ఏడులు, ఎనిమిదులు, మధ్య మధ్య అణకువ కోసం ఒక ఆరు. చివర్లో మీ బలహీనత రాయమన్న చోట, చేతిలో పని పూర్తయ్యేదాకా ఇంటికి వెళ్లబుద్ధి కాదని రాశాడు. సాయంత్రం మిషన్లు ఆగకముందే హరీష్ బండి గేటు దాటుతుందన్న సంగతి ట్రైనర్‌కి తెలిసే అవకాశం లేదు. హరీష్ చెడ్డవాడని కాదు. ఏ జవాబు అమ్ముడుపోతుందో తెలిసినవాడు, అంతే. ఆ పరీక్షలో నిజం చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే, అది మిషన్ దగ్గర పనిచేసే శివయ్య ఒక్కడే. కళ్లద్దాలు తేలేదని పరీక్ష రాయలేదు.

వారం తర్వాత ఫలితాలు వచ్చాయి. ట్రైనర్ అందరి చక్రాలనూ షెడ్డు గోడ మీద వరుసగా అంటించాడు. మిగతావన్నీ సొట్టలు పడి, కొరికి వదిలేసిన రొట్టెల్లా ఉన్నాయి. జమాల్ చక్రం ఒక్కటే గుండ్రంగా, అంచు దాకా పచ్చగా ఉంది. బండలు మోసేవాళ్లు చప్పట్లు కొట్టారు. రచన చేతికి ఇచ్చిన రిపోర్టులో మాత్రం ఇంకోలా ఉంది. ఈ వ్యక్తికి తన గురించి అవగాహన చాలా తక్కువ, ఎదగడానికి తనలో ఇక చోటు లేదని అనుకుంటున్నాడు, బాధ్యత గల పదవికి హరీష్ తగినవాడు. రచన ఆ కాగితాన్ని తండ్రికి చూపించింది. మల్లేశ్వర్ కళ్లజోడు పెట్టుకోకుండానే చూసి, నీ ఇష్టం అన్నాడు.

సాయంత్రానికల్లా ఈ సంగతి హరీషే వచ్చి చెప్పాడు, నేలకేసి చూస్తూ. "మామా, నా పేరు రాసిండ్రంట. నేనేం అడగలే."

జమాల్ అతని భుజం తట్టి పంపించాడు. అతనికి ఫికర్ లేదు. ధర విని మొహం పక్కకు తిప్పుకున్నారు, అంతే. అది ఎప్పుడూ ఉండేదే. ఇక సగం ధర చెప్పాలి. తను నొచ్చుకోవాలి. కుర్చీలు, చాయ్. అతను పిలుపు కోసం ఎదురుచూశాడు. రచన క్యాబిన్ ముందు నుంచి అవసరం లేకపోయినా రెండు మూడుసార్లు నడిచాడు. ఆమె అద్దంలోంచి చూసి నవ్వేది, మళ్లీ కంప్యూటర్‌లోకి తిరిగేది.

నెల గడిచింది. ఎండలు ముదిరాయి, గుంటలో బురద తెల్లబారి అంచుల్లో పగుళ్లిచ్చింది. వికారాబాద్ షోరూమ్ బోర్డు తయారై ట్రాలీలో వెళ్లడం జమాల్ కళ్లతో చూశాడు. అలీమాబీ తమ్ముడు ఫోన్ చేసి, ఇల్లుగలవాళ్లు ఏదో ఒకటి చెప్పమంటున్నారని అడిగాడు.  ఒక మధ్యాహ్నం మిషన్ల వైపు వెళ్లి దగ్గడం మొదలుపెట్టిన జమాల్, మిషన్లు ఆగి భోజనాల వేళ అయ్యాక కూడా దగ్గుతూనే ఉన్నాడు. శివయ్య మంచినీళ్ల సీసా ఇచ్చి వెళ్లిపోయాడు.

బేరం తెలిసినవాడికి తక్కువ ధర అవమానం కాదు. ధర విని, ఒక్క మాటా అనకుండా చెప్పులు తొడుక్కుని పోవడం అవమానం. అంటే నీ సరుకు నాకు ఏ ధరకీ వద్దని అర్థం. జమాల్‌కి ఇది నెల రోజులకి అర్థమైంది. మర్నాడు పొద్దున యూనిట్ తెరవగానే రచన క్యాబిన్‌లోకి వెళ్లి నిలబడ్డాడు.

ఎంబీఏ తర్వాత రచన అందరినీ మీరు అనడం నేర్చుకుంది. కూర్చోండి చాచా అంది. అతను కూర్చోలేదు.

"నేను రేటు జెప్పిన. నువ్వేం అనకపోతివి. నెల దాటింది."

"ఏం రేటు చాచా?"

"పది."

రచనకి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఓపికగా వివరించింది. అది ఎవరూ తగ్గించేది కాదని, పెంచేది కాదని, మన లోపాలు మనం చూసుకుని మెరుగవడానికని, అందులో ఎదుటివాళ్లకు పని లేదని. జమాల్ సగం విన్నాడు.

"సరే. కోపం రాదు అన్నదానికి పది అన్న. నువ్వెంతకడుగుతవ్?"

"నేను అడిగేదేం లేదు, మీరే నిజాయితీగా..."

"ఎంతకడుగుతవ్ బిడ్డా?"

రచన కుర్చీలో వెనక్కి వాలి అతన్ని చూసింది. బడి లేని రోజుల్లో ఆమె ఈ యూనిట్‌లోనే, ఈ దొంతరల మధ్యే ఆడుకుంది. ఈ గొంతు వింటూ పెరిగింది. ట్రైనర్ నేర్పింది ఒక పక్క, ఇది ఒక పక్క.

"మూడు," అంది.

జమాల్ నొచ్చుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మూడు ఎట్లా అన్నాడు. రచన నిరుడు పూడూరు నుంచి వచ్చిన గుడి కమిటీ సంగతి ఎత్తింది. బండ రంగు తేడా ఉందన్నందుకు, మీ దేవుడికి లేని పట్టింపు మీకెందుకని జమాల్ వాళ్ల మొహం మీదే అన్నాడు. వాళ్లు మళ్లీ రాలేదు. రంగు తేడా లేదని జమాల్ వాదించాడు. ఉంది, నేను చూశానంది. కొంచెం ఉందన్నాడు. కోపం ఐదుకి తెగింది. తప్పు ఒప్పుకోవడం ఆరు దగ్గర మొదలై, గుడి కమిటీ రంగు తేడాని ఇప్పుడే ఒప్పుకున్నందుకు ఏడుకి వెళ్లింది. చాయ్ వచ్చింది. రచన కంప్యూటర్ పక్కకు జరిపి, జమాల్ జవాబుల కాగితం ముందు పెట్టుకుంది. మీరు అనడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు.

ఎదుటివాళ్ల మాట వినడం దగ్గర ఆమె ఒకటి అంది. జమాల్ గ్లాసు కింద పెట్టేశాడు. మాట వినకుండా ఇన్నేళ్లు బండలు ఎలా అమ్మానని అడిగాడు.

"అమ్మేటప్పుడు వింటవ్ చాచా. మిగతప్పుడు వినవు. వచ్చినకాడి నుంచి నా మాట ఎన్నిసార్లు నడుమల కోసినవో చూస్కో."

కోయలేదని చెప్పడానికి జమాల్ నోరు తెరిచాడు. ఆమె మాట ఇంకా పూర్తి కాలేదని గమనించి మూశాడు. అది రెండుకి తెగింది. అంత తక్కువకి అతను ఎప్పుడూ ఏదీ వదల్లేదు. దొంతర అడుగున ఉన్న పగుళ్ల బండలు కూడా అంతకంటే ఎక్కువకే పోయాయి. 'నేను నమ్మదగిన మనిషిని' అన్నది వచ్చింది. రచన దాన్ని బేరం లేకుండా పది దగ్గరే ఉంచి తర్వాతదానికి వెళ్లింది. జమాల్‌కి ఎటు చూడాలో తెలియక కిటికీలోంచి లారీని చూశాడు.

"ఆరోగ్యాన్ని జాగ్రత్తగా చూసుకుంటాను. పది," అని చదివింది రచన. ఎంత అనాలో ఆలోచిస్తూ తలెత్తింది.

"రెండు," అన్నాడు జమాల్.

ఆమె ఇంకా ఏమీ అనలేదు. కొనేవాడు నోరు తెరవకముందే అమ్మేవాడు ధర దించడం బేరంలో లేదు. దించాడంటే సరుకులో ఏదో ఉంది. ఈ సంగతి రచనకి ఎంబీఏలో చెప్పి ఉండరు. మల్లేశ్వర్ ఇంట్లో పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మాల్‌ల ఏమున్నది చాచా?"

జమాల్ చెప్పాడు. ఆమెకి కాదు, ఎక్కువగా టేబుల్‌కే చెప్పాడు. దగ్గు, ఎక్స్‌రే, డాక్టరు మాట, మిషన్ల చప్పుడు చాటున దగ్గి రావడం. మేనేజర్ కుర్చీ మీద తనకి పెద్ద మోజు లేదని, కుర్చీ ఉన్న చోట దుమ్ము లేదని.

రచన చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత ఆమె కూడా తన దాపరికం బయటపెట్టింది.

"షోరూమ్‌ల బేరం ఉండదు చాచా. ఫిక్స్‌డ్ రేటు. ప్రతి డబ్బ మీద స్టిక్కర్ ఉంటది, గదే ధర. అందుకే నేను నీ పేరు అసలు అనుకోలే. నీకు మార్కులు ఎన్ని వచ్చినా హరీషే పోతుండె."

అంటే యాభై వాక్యాలు, రంగుల చక్రాలు, నీలోనే ఉన్న శత్రువు, ఇవన్నీ ముందే కోసిపెట్టుకున్న నిర్ణయానికి తర్వాత పట్టిన పాలిష్. ఇందులో రచనను ప్రత్యేకంగా తప్పుపట్టాల్సిందేమీ లేదు. ఇలాంటి పరీక్షలను పెద్ద పెద్ద కంపెనీలు కూడా ఇందుకే కొంటాయని ఆమె చదువుకున్న చోటే నేర్చుకుంది.

"గీ ముచ్చట ముందే చెప్తే అయిపోతుండె కద," అన్నాడు జమాల్.

"చెప్తే నువ్వు బేరమాడుతుంటివి."

ఇది నిజమేనని జమాల్ ఒప్పుకున్నాడు. రచన ఇంకోటి చెప్పింది. షోరూమ్‌లో హరీష్ చేతి కింద అమ్మకానికి ఒక మనిషి కావాలి. జీతం ఇదే, కమీషన్ ఉండదు, ఎందుకంటే అమ్మకంలో ఎవరి గొప్పా ఉండదు. వచ్చినవాళ్లకి సరుకు చూపించాలి, స్టిక్కర్ చూపించాలి. ఒక్క రూపాయి దిగకూడదు, దిగుతానని ఆశ పెట్టకూడదు. దిగితే అక్కడి పద్ధతంతా ఒక్క రోజులో పాడవుతుంది, అప్పుడు తనే వెనక్కి పిలిపించాల్సి వస్తుంది.

"బేరమాడకుండ ఉండగలవా? పదికి ఎంత?"

 గడప దాటి వచ్చిన ప్రతి మనిషినీ చూడగానే నాలుక కింద అంకె సిద్ధమయ్యే తన సంగతిని జమాల్ తలచుకున్నాడు. ఆ అంకెని మింగి, ఎవరో అంటించిన కాగితం వైపు వేలు చూపించే మనిషిగా తనను ఊహించుకున్నాడు. ఊహకి సరిగ్గా రాలేదు. బయట లారీ కదిలింది, తెల్లటి పొడి లేచి అద్దం మీద పడింది.

"నాలుగు," అన్నాడు.

అందులో పెంచి చెప్పింది లేదు, తగ్గించి చెప్పింది లేదు. రచనకి అది తెలిసింది. అందుకే తిరిగి ఇంకో అంకె చెప్పలేదు.

"నాలుగు తోటి నడుస్తదా?" అని జమాలే అడిగాడు.

"నడిపియ్యాలె," అంది.

రంజాన్ అయిన కొన్నాళ్లకి జమాల్ కుటుంబం వికారాబాద్ వచ్చింది. తూబాకి రోజూ రైలెక్కడం తప్పింది. అలీమాబీకి తమ్ముడి ఇల్లు పక్క గల్లీలో ఉంది, రోజూ ఎవరో ఒకరు ఎవరో ఒకరి మీద అలగడానికి వీలుగా ఉంది. హరీష్ అద్దాల గదిలో కూర్చుంటాడు, బయటికి వచ్చినప్పుడు మామా అనే పిలుస్తాడు. ఇప్పుడు సాయంత్రం షట్టర్ దించేదాకా ఉంటున్నాడు. ఆ బలహీనత అతనికి వికారాబాద్‌లో నిజంగానే పట్టుకుంది. జమాల్ దగ్గు ఒక్కసారిగా పోలేదు, రోజుకి ఇంత చొప్పున వెనక్కి తగ్గింది. రాత్రి మధ్యలో లేవడం మానేశాడని అలీమాబీ చెబుతుంది. పగలు మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక డబ్బాలు తుడుస్తుంటాడని హరీష్ చెబుతాడు.

వానలు పడ్డాక మర్పల్లి నుంచి బీరన్న అనే రైతు వచ్చాడు. ఇల్లు కడుతున్నాడు, ముందు గదికి టైల్స్ కావాలి. షోరూమ్ అంతా ఒక చుట్టు తిరిగి, నచ్చిన టైల్ మీద అరచెయ్యి వేసి, ఇదేం లెక్క అని అడిగాడు. జమాల్ స్టిక్కర్ చూపించాడు.

"కాయితం సంగతి సరే. నువ్వు జెప్పు."

"గదే."

"గదే అంటే?"

"గదే అన్న."

బీరన్న మొహం పక్కకు తిప్పుకుని సగం చెప్పాడు. ఎంత బాగా తిప్పుకున్నాడో జమాల్‌కి తెలుసు. ఈమధ్య కాలంలో అంత పద్ధతిగా తిప్పుకున్నవాళ్లని చూడలేదు. అతని నోరు తెరుచుకుంది. అద్దాల గదిలోంచి హరీష్ తలెత్తి చూశాడు. ఇక్కడ తగ్గదు పెద్దమనిషీ అన్నాడు జమాల్. బీరన్న ఆ మాటని మర్యాదకి అన్నదిగా తీసుకుని కుర్చీ లాక్కున్నాడు. చాయ్ తాగాడు. కొంచెం పెంచాడు. జమాల్ స్టిక్కర్ చూపించాడు. ఇంకొంచెం పెంచాడు. మళ్లీ స్టిక్కర్. ఇంత పెంచాక కూడా ఎదుటివాడు కదలకపోయేసరికి బీరన్న నిజంగానే నొచ్చుకుని లేచి వెళ్లిపోయాడు.

కాసేపటికి పక్క షాపు ముందు ట్రాలీ ఆటో ఆగింది. బీరన్న అక్కడ కొన్నాడు. డబ్బాలను పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. మర్పల్లి రోడ్డు గుంతల్లో అలా వెళితే కింది డబ్బాల్లో సగం ముక్కలే మిగులుతాయి. జమాల్ అద్దం తలుపు తోసుకుని, మెట్లు దిగి వెళ్లి, డబ్బాలను అంచు మీద నిలబెట్టమని డ్రైవర్‌కి చెప్పాడు. నిలబెట్టాక, ఎంతకి తెగిందని బీరన్నని అడిగాడు. బీరన్న గర్వంగా చెప్పాడు.

"మా దాంట్ల గింతకన్న తక్వనే ఉండె," అన్నాడు జమాల్.

"ఉంటె ఉండనీ. ఆయన నాకోసం మస్తు దిగిండు. నువ్వు ఒక్క రూపాయన్న దిగకపోతివి." బీరన్న ఆటోలో డ్రైవర్ పక్కన సర్దుకుని కూర్చున్నాడు. "ముందుగాల ఏడ చేస్తుంటివి?"

"తాండూర్ల. బండల కాడ."

"గందుకే గిట్లున్నవ్," అన్నాడు బీరన్న.

ఆటో వెళ్లిపోయింది. హరీష్ తలుపు దగ్గరికి వచ్చి, పోతే పోనీ మామా, రేటు రేటే అన్నాడు. జమాల్ తలూపాడు. ఊపిరి కోసం ఎక్కడా ఆగకుండా మెట్లన్నీ ఎక్కి లోపలికి వచ్చి, బీరన్న చెయ్యి తగిలి ఊడిన స్టిక్కర్‌ని నేల మీంచి తీసి, డబ్బాకి తిన్నగా అంటించాడు.